ఎడమ అంచు

తుని
జూన్ 28

చి. మనోజకు పుష్పత్త ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు మాత్రం వాటి దారి అవి చూసుకుంటున్నాయి. మీ అమ్మ బాలమణి ఎలా ఉంది? మీ వెంగళరావు నగర్ ఇంటి పైవాటాలో ఇప్పుడెవరున్నారు? నేను అద్దెకున్నప్పటిలా పైన గంతులేసేవాళ్ళయితే కాదు కదా?

ఫోన్ చెయ్యమని మీ అమ్మ ఎవరిచేతో కబురంపింది. నీకు తెలియనిదేముందే. సినిమా పాటల్లో హీరోయిన్ వెనక గుంపులో ఎడమ చివర నిలబడి జీవితం గడిపినదాన్ని. పాట మోగించే పెట్టెలు సరిగ్గా ఆ చివరే పెట్టేవాళ్ళు. ఎడమ చెవిని అవి తినేశాయి. కుడిచెవికి ఫోన్ ఆనిస్తే తేనెపట్టు కదిపినట్టుంటుంది. అందుకే ఉత్తరం.

విషయమేంటంటే, ఇక్కడ అమ్మవారి గుడి దగ్గర ఆడవాళ్ళు కోలాటం నేర్చుకుంటున్నారు. దసరా ఊరేగింపులో ఆడతారట. నేనూ చేరతానన్నాను. నేర్పే పిల్ల పేరు పూజిత, చురుకైనదే. "మామ్మగారూ, మీరు కూర్చుని కర్రల సంచీ చూసుకోండి, అది చాలు" అంది. నాకు ఉక్రోషం ఆగలేదు. "నేను సినిమాల్లో ఆడినదాన్నమ్మా" అనేశాను. "అవునాండీ! ఏ పాటలో?" అంది. మన వానపాట చెప్పాను. ఆ పాట రానివాళ్ళెవరు! అక్కడికక్కడే ఫోన్లో పెట్టారు. మళ్ళీ పెట్టారు. నేను లేనే! మీ అమ్మతో థియేటర్లో చూసినప్పుడు నిక్షేపంలా ఉన్నాను. అప్పడమంత ఫోన్లో ఆవగింజంత అయిపోయి ఉంటాననుకుని, "మా మేనకోడలు ఫిల్మ్‌నగర్‌లోనే పని చేస్తుంది, మా ఇంట్లో పెద్ద టీవీలో చూపిస్తానుండండి" అన్నాను. ముసిముసిగా నవ్వుకున్నారే.

నా దగ్గర ఆ లావుపాటి టీవీ, దాని కింద డిస్కు పెట్టె ఉన్నాయి. ఆ పాట ఒక డిస్కు మీద వేసి పంపు. దసరాకి నేను ఆడాలి. సంచీ మొయ్యను.

పుష్పత్త

*

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
జూలై 9

పుష్పత్తా,

భోజనాల వేళ ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఒక బండరాయి, దాని నెత్తిన ఒక అపార్ట్‌మెంటు. ఆ వానపాట తీసింది ఈ గుట్టల్లోనే ఎక్కడో కదా? ఎక్కడో నువ్వు వస్తే చెప్పగలవేమో. ఇప్పుడు రాళ్ళకంటే కార్లెక్కువ.

నీ అదృష్టమో నా అదృష్టమో, ఆ సినిమా రీళ్ళు మా దగ్గరే ఉన్నాయి. పాత సినిమాలని కంప్యూటర్లోకి ఎక్కించడమే మా పని కదా. తీసినవారి కుటుంబాన్ని అడిగితే "పుష్పగారికా? ఇవ్వండమ్మా" అన్నారు. నీ పేరు ఇంకా గుర్తున్నందుకు నాకెందుకో గర్వంగా అనిపించింది.

ఖాళీ డిస్కు దొరకడమే గగనమైంది. అమీర్‌పేటలో దుకాణాయన నన్ను ఎగాదిగా చూసి, "డిస్కులా? మేడమ్, ఏ జమానాల ఉన్నరు?" అన్నాడు. చివరికి లోపలెక్కడో దుమ్ములోంచి ఒక కట్ట తీసిచ్చాడు. డిస్కు రాసే యంత్రం మా ఆఫీసులోనే కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. క్రాంతికుమార్ అని మా సాంకేతిక నిపుణుడు "నేను చేస్త మేడమ్" అన్నాడు గాని, ఇది మా అత్త పని, నేనే చేస్తానన్నాను. పాట ఫైలును డిస్కు మీదికి కాపీ చేశాను. పని చేస్తుందనే అనుకుంటున్నాను. ఇంతేనా, ఇంకేమైనా చెయ్యాలా అని పోస్టాఫీసు దాకా అనుమానం పీకుతూనే ఉంది. స్పీడ్ పోస్టు కిటికీలో ఇచ్చేశాక కూడా పీకింది. నా సంగతి నీకు తెలుసుగా.

మనోజ

*

తుని
జూలై 17

మనోజా,

నీ డిస్కుని నా పెట్టె మింగింది, కాసేపు గుర్రుగుర్రుమంది, తర్వాత ఉమ్మేసింది. తెర మీద "డిస్కు లేదు" అని వచ్చింది. కళ్ళెదుట ఉన్నదాన్ని పట్టుకుని లేదంటుంది, అచ్చం పూజితలాగే!

తుడిచాను. తిప్పి పెట్టాను. దండం పెట్టాను. లాభం లేదు. పక్కింటావిడ చూసి "ఖాళీ డిస్కు పంపారేమోనండీ" అంది. ఆ మాట ఈపాటికి గుడి దాకా వెళ్ళిపోయుంటుంది.

నువ్వు ఎం.ఏ. చదివావు, నిజమే. కానీ ఆ క్రాంతికుమార్ని చెయ్యనివ్వవే. కర్రల సంచీ రోజురోజుకీ బరువెక్కుతోంది.

పుష్పత్త

*

ఫిల్మ్‌నగర్
ఆగస్టు 2

పుష్పత్తా,

తప్పు నాదే. నీ పెట్టె పాతకాలపు మనిషి. కొత్త రకం ఫైలు దానికి పరభాష. ఊరికే కాపీ చేస్తే చాలదట, దానికి తెలిసిన రకంలోకి పాటని మార్చి, అప్పుడు డిస్కు మీద రాయాలట. దీన్నే వీళ్ళు "బర్న్" అంటారు. మా అమ్మకి చెబితే "కాల్చుడేంది, పాటనా!" అని బుగ్గలు నొక్కుకుంది.

క్రాంతికుమార్ పక్కన కూర్చుని చూశాను. మార్చడం మొదలుపెట్టే ముందు అతనొకటి అడిగాడు. "మేడమ్, ఆమెది పాత టీవీ కదా. ఉన్నదున్నట్టు చేస్తే పైన కింద నల్లపట్టీలొస్తయి. పెద్దమనుషులు టీవీ ఖరాబైందనుకొని ఫికర్ చేస్తరు. తెర నిండ వచ్చేటట్టు చెయ్యాల్నా?"

తెర నిండా అంటే మంచిదే కదా అనిపించింది. చెయ్యమన్నాను. అన్న వెంటనే, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచమనాల్సిందేమో అనిపించింది. కానీ ప్రతిదానికీ "ఏమో" అంటే పనులు సాగవని అతనెదుట ఊరుకున్నాను. డిస్కు ఆడుతోందో లేదో ఆఫీసులో పాత పెట్టె మీద అతనే పరీక్షించాడు. బ్రహ్మాండంగా ఆడుతోందట. మా ఇంట్లో డిస్కు పెట్టె ఎప్పుడో పాతసామాన్లలో పోయింది, లేకపోతే నేనూ అమ్మా ముందే చూసేవాళ్ళం.

చిన్నప్పుడు నువ్వు మేడ మీద అడుగులు వేస్తుంటే, కింద అమ్మ "పుష్పా, సున్నం రాలుతుంది, కూరల పడుతుంది!" అని అరిచేది. గుర్తుందా? ఆ సున్నం రాల్చిన అడుగులే ఈ డిస్కులో ఉన్నాయనుకో.

నీ మేనకోడలు
మనోజ

*

తుని
ఆగస్టు 13

చి. మనోజకు,

డిస్కు చేరింది. ఆడింది. ధన్యవాదములు. మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

పుష్పవల్లి

*

వెంగళరావు నగర్
ఆగస్టు 24

పుష్పత్తా,

నువ్వు నాకు పలకా బలపం పట్టించావు, జ్వరమొస్తే మిరియాల కషాయం తాగించావు, కాలేజీ ఫంక్షన్‌లో నా చేత బలవంతాన డాన్సు చేయించావు. ఇన్నేళ్ళలో "ధన్యవాదములు" అని ఎప్పుడైనా అన్నావా? కింద "పుష్పవల్లి" అని నిండు పేరు! ఆ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఏదో జరిగింది, చెప్పడం లేదు అనుకున్నాను. కాదు, నేనే ఎక్కువ చదువుతున్నాను అనుకున్నాను. చివరికి ఆ డిస్కుకి ఇంకో ప్రతి చేసి, ఆఫీసు లాప్‌టాప్‌తో సహా ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను.

అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ కూర్చుంది. పాట సగానికి రాగానే, "గిదేంది? పుష్ప ఏది?" అంది.

"గుంపులో ఉంటుంది చూడమ్మా" అన్నాను.

"నాకు చెప్తున్నవా? ఎడమ దిక్కు చివరకు, పచ్చ లంగా ఏస్కొని ఉండె. నేను టాకీసుల లేచి నిలవడి 'అగో మా పుష్ప' అని చూపెట్టిన. ఎనకున్నోడు 'కూసో అమ్మా' అని ఒర్లిండు. గా పిల్లను ఏం జేసిన్రు మీరు?"

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి అసలు ఫైలు తెరిచాను. అత్తా, ఆ పాట పెద్దతెర కోసం బాగా వెడల్పుగా తీసినది. నీ టీవీ దాదాపు చదరం. వెడల్పుదాన్ని చదరంలో నిండుగా పట్టించాలంటే అటూ ఇటూ కొయ్యాల్సిందే. మేం కోశాం. టీవీల కోసం ఎప్పుడో ఇంకెవరో ఇలాగే కోసినదే మీవాళ్ళ ఫోన్లలోకీ వచ్చి ఉంటుంది. మధ్యలో ఉన్న హీరోయిన్‌కి ఏమీ కాలేదు. పోయింది అంచుల్లో ఉన్నవాళ్ళు.

క్రాంతికుమార్ తల గోక్కుంటూ, "అంచుల్ల ఎవరు చూస్తరు అనుకున్న మేడమ్" అన్నాడు. నేను మాత్రం ఏమనుకున్నాను? తెర నిండితే చాలనుకున్నాను.

ఇక అసలు సంగతి. చరణం మొదట్లో ఆ హీరోయిన్ తల తిప్పి ఎడమవైపు అలా చూస్తుంది చూడు. ఆ చూపు ఎంత పేరు పొందిందో నీకు తెలుసు. ఎవరికోసమో ఎదురుచూస్తున్న చూపు అని పత్రికల్లో రాశారు. నవ్వకు, ఎం.ఏ.లో సెమినార్ వ్యాసం రాస్తూ నేను కూడా ఆ చూపు మీద ఒక నిండు పేజీ రాశాను. "అనంతమైన నిరీక్షణ" అన్నాను. మా మేడమ్ చప్పట్లు కొట్టించారు.

వెడల్పు ఫైల్లో ఆ నిరీక్షణ చివర నువ్వున్నావు! పచ్చ లంగా, తడిసిన జడ, కెమెరాకి కాస్త దగ్గరగా. నువ్వు చెయ్యి లేపుతున్నావు, ఆమె లేపుతోంది. నువ్వు తిరుగుతున్నావు, తిరగాలని అప్పుడామెకి తెలుస్తోంది. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేక అమ్మని ఆటోలో ఆఫీసుకి రప్పించాను. చూసి ఒక్క క్షణం ఆగలేదు. "గా పిల్ల మన పుష్పను చూసుకుంట ఆడుతుంది. గింతకాలం మనకు చెప్పనే లేదు, దొంగది!"

నువ్వెందుకు చెప్పలేదో నాకు తెలియదు. నువ్వు దాచుకున్నదాన్ని బయటికి లాగే హక్కు నాకుందా అని ఈ ఉత్తరం రెండుసార్లు చింపాను. అందుకని ఇలా చేస్తున్నాను. నల్లపట్టీలతో, అంచులు కొయ్యకుండా, కొత్త డిస్కు పంపుతున్నాను. మనుషులు కాస్త చిన్నగా కనిపిస్తారు గాని అందరూ ఉంటారు. ఇది నీకోసం. ఎవరికి చూపించాలన్నది, అసలు చూపించాలా అన్నది నీ ఇష్టం.

మనోజ

*

తుని
సెప్టెంబరు 6

ఒసే మనోజా,

ముందు నేను రాయనిది రాస్తాను. ఆ రెండో డిస్కు రాగానే వీధంతటినీ పిలిచాను. శనగపిండి తెప్పించి పకోడీలు వేశాను. పాట అంతా అయింది. ఒకచోట తెర చివరి నుంచి ఒక మోచెయ్యి వచ్చి వెళ్ళింది. "అదిగో, అదే నేను" అన్నాను. ఎవరైనా నవ్వినా బాగుండేది. పూజిత జాలిగా చూసి, "పకోడీలు చాలా బాగున్నాయండీ మామ్మగారూ" అంది. ఆ పూట నీకు ఇంకేం రాయను చెప్పు?

ఇప్పుడా చూపు సంగతి. ఆ అమ్మాయి అప్పుడు కొత్త. భాష రాదు, లయ అందదు. నెత్తి మీద ట్యాంకరు నీళ్ళు. తప్పిందంటే మళ్ళీ తల ఆరబెట్టాలి, మళ్ళీ తడపాలి. డాన్సు మాస్టరు అరుస్తుంటే గొడుగు కింద కూర్చుని ఏడుస్తోంది. నేను వెళ్ళి, "అమ్మాయ్, లెక్క మర్చిపో. నేను ఎడమ చివర ఉంటాను. నన్ను చూడు, నేనేం చేస్తే అది చెయ్యి" అన్నాను. అంతే, తర్వాతి టేకే ఓకే. ఆమె నా చెయ్యి పట్టుకుని "అక్కా, ఎవరికీ చెప్పొద్దు" అంది. చెప్పనన్నాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు. జనం ఆ చూపుని పొగుడుతుంటే, నా అంత అందమైన విరహం ఎవరికీ దొరకదని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. నీ సెమినార్ పేజీ ఉంటే పంపవే, చదువుకుంటాను.

నీ మూడో డిస్కు ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఎంత బక్కగా ఉన్నానే! తర్వాత ఆలోచించాను. మాట ఇచ్చాను కదా. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడో మనవల్ని ఆడిస్తూ ఉంటుంది. చూస్తే తనే పకపకా నవ్వుతుందనిపించింది. అయినా నేను నోరు విప్పకూడదనుకున్నాను. డిస్కు పెడతాను, పచ్చ లంగా చూపిస్తాను, అంతవరకే.

మళ్ళీ పిలిచాను. ఈసారి పకోడీలు లేవు, అందుకని సగం మందే వచ్చారు. నల్లపట్టీలు చూసి పక్కింటావిడ "టీవీ పాడైందండీ" అంది. మీ క్రాంతికుమార్ అన్నది నిజమేనే!

పాట మొదలైంది. నేను కనబడ్డాను. "అయ్యో, నిజంగానే మామ్మగారే!" అని గోల. పూజిత మాత్రం ముందుకు జరిగి కూర్చుంది. రిమోట్ అడిగి తీసుకుంది. వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. చరణం దగ్గర ఆపింది.

"మామ్మగారూ, ఆవిడ మిమ్మల్ని చూసి చేస్తున్నారు కదండీ?"

నేను లేచి టీవీ మీద దుమ్ము తుడిచాను.

"మీరు చెప్పకపోయినా నాకు తెలుసండీ. ఈ చూపు నేను రోజూ చూస్తాను. అడుగు మర్చిపోయినప్పుడు మా బ్యాచ్ అంతా నన్ను ఇలాగే చూస్తారు."

నీ ఎం.ఏ.కి అందనిది ఆ పిల్లకి అందిందే. కోప్పడకు.

లేచి వెళ్ళి కర్రల సంచీ తెచ్చి నా ముందు దించింది. నేను మళ్ళీ మొయ్యమంటుందేమో అనుకున్నాను. అందులోంచి ఒక జత తీసి, రెండు చేతులతో నా చేతికిచ్చింది. "రేపు సాయంత్రం నుంచి రండి, మాస్టరుగారూ" అంది.

మీ అమ్మకి చెప్పు, దొంగది దొరికిపోయిందని.

పుష్పత్త

*

ఫిల్మ్‌నగర్
సెప్టెంబరు 15

పుష్పత్తా,

నీ ఉత్తరం అమ్మకి పైకి చదివి వినిపించాను. "మాస్టరుగారూ" దగ్గర అమ్మ ఏడ్చి, వెంటనే "పకోడీలల్ల వాము ఏసిందో లేదో అడుగు" అంది. క్రాంతికుమార్‌కి కూడా చెప్పాను. ఇప్పుడు ఏ పాత పాట మార్చినా ముందు రెండు అంచులూ చూస్తున్నాడు. నిన్న ఒక సినిమాలో కుడిచివర ఒకాయన ప్రతి పాటలోనూ కొంచెం ఆలస్యంగా తిరుగుతున్నాడని కనిపెట్టాడు. ఆఫీసంతా ఆయన అభిమానులమైపోయాం.

సెమినార్ వ్యాసం దొరికింది. పంపుతున్నాను. "నిరీక్షణ" అన్నచోటల్లా కొట్టేసి "పుష్పత్త" అని రాశాను. ఒక్కచోట కూడా అర్థం చెడలేదు.

దసరాకి మధ్యలో నిలబెడతారా నిన్ను? అంతసేపు నీ మోకాళ్ళు ఓర్చుకుంటాయా? ఊరేగింపు రోడ్డు మీద కదా, కళ్ళు తిరగవు కదా? సరే, ఇక ఆపుతాను.

మనోజ

*

తుని
అక్టోబరు 7

మనోజా,

మోకాళ్ళు ఓర్చుకున్నాయి. కళ్ళు తిరగలేదు. వాము వేశాను.

మధ్యలో, ముందు వరసలో నిలబడమని పూజిత బతిమాలింది. నేను ఎడమ చివరే అన్నాను. "అదేంటి మాస్టరుగారూ, మళ్ళీ చివరా?" అంది. కాళ్ళకి అలవాటైన చోటు అది, మధ్యలో నిలబెడితే నాకు దిక్కు తెలియదన్నాను. నిజానికి ఇంకోటి కూడా ఉంది. తప్పినవాళ్ళు చూసేది అటే.

పెద్దబజారు మలుపు దాకా అంతా బ్రహ్మాండంగా నడిచింది. పసుపు చీరలు, ఎర్ర రవికెలు, రెండు పక్కలా జనం. మలుపు తిరిగాక చూద్దును కదా, మావాళ్ళందరూ తలలు తిప్పి నా వంకే చూస్తున్నారు! ఒక్కరు కాదే, మొత్తం వరస. అందరి మొహాల్లోనూ అదే చూపు. నాకేమో పమిట జారిందా అని అనుమానం. సర్దుకున్నాను, ఆడుతూనే ఉన్నాను. నేను కర్ర కొడితే వాళ్ళు కొట్టారు, తిరిగితే తిరిగారు. గుడి మెట్ల దాకా అలాగే వెళ్ళాం. జనం ఒకటే చప్పట్లు.

మెట్ల దగ్గర పూజిత పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "మలుపు దగ్గరే పాట ఆగిపోయిందండీ! బండి మీద మైకుసెట్టు కాలిపోయింది. మీరు ఆగకుండా ఎలా నడిపించారండీ?" అని అరిచింది, నా కుడిచెవిలో.

పాట ఆగిందని నాకెవరు చెప్పారే! ఎడమ చెవికి పాట ఎప్పుడో ఆగిపోయింది, కుడిచెవికి కర్రల చప్పుడు చాలు. ఆ మాట వాళ్ళకి చెప్పలేదు. చెప్పను కూడా. నా రహస్యాలు ఎలాగూ నీ దాకా వస్తూనే ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

పూజిత తమ్ముడు అంతా ఫోన్లో తీశాడు. దాన్ని చిన్న కార్డు మీద ఎక్కించి ఇచ్చాడు, ఈ కవర్లో మడతల మధ్య ఉంది, పారెయ్యకు. నా పెట్టెకి తెలిసిన రకంలోకి మార్చి, డిస్కు చేసి పంపు. అందరూ మా ఇంట్లోనే చూస్తామంటున్నారు, శనగపిండి వాళ్ళే తెస్తారట. క్రాంతికుమార్‌కి గట్టిగా చెప్పు, నల్లపట్టీలు ఎంత లావుగా వచ్చినా సరే, అంచులు మాత్రం ముట్టుకోవద్దని. కుడిచివర మా పక్కింటావిడ ఉంది. చీరకి ప్రత్యేకంగా గంజి పెట్టించుకుంది. ఆవిడ మోచెయ్యి ఒక్కటే వచ్చిందంటే నేను ఈ వీధిలో ఉండలేను.

పుష్పత్త